మామగారి బండి, మైపాటి త్రోవ

నెల్లూరినుండి మైపాడు సముద్రతీరమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరము. బస్సుమీద గంటలో పోవచ్చును. ఆ త్రోవను పోయివచ్చుటకు మాకు తొమ్మిది నెలలు పట్టినదన్నచో సోదరీమణులు నవ్వుదురు. నవ్వినను సరియే, ఆ తొమ్మిది నెలల కథ చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అత్తవారి యూరు ఇందుకూరుపేట ప్రాంతమున నొక చిన్న పల్లె. ఇంటి వెనుక పెరటిలో గడ్డివామి ప్రక్కను పెంకుల కొట్టమొకటి కలదు. మేము కాపురమునకు వచ్చిన నాటనుండి దాని తలుపు తెఱవగా చూచి యెఱుగము. తాళపుచెవి మా అత్తగారి బొడ్డుననుండు గుత్తిలో తక్కిన చెవులతోపాటు వ్రేలాడుచుండెడిది. ధాన్యపుకొట్టు చెవి యడిగిన నిచ్చెడివారు, బీరువా చెవి యడిగిన నిచ్చెడివారు. ఈ చెవిని మాత్రము అడిగిన వారును లేరు, ఇచ్చిన వారును లేరు. లోపల మామగారి మోటారుసైకిలున్నదని మా వారొకమాఱు చెప్పిరి. అంతకుమించి చెప్పలేదు. మేమును అడుగలేదు. క్రొత్తకోడలికి అడుగరాని ప్రశ్నలు కొన్ని యుండును. పాతబడిన పిమ్మట వానిని అడుగవలెనన్న తలంపే పోవును.

మామగారు పశువైద్యులు. మేము వారిని చూచి యుండలేదు. నెల్లూరు సీమలో పశువైద్యమనగా అల్పమైన యుద్యోగము కాదు. మన ఒంగోలు జాతి పసులు పందొమ్మిదవ శతాబ్దమున సముద్రము దాటి బ్రెజిలు దేశమునకు పోగా అచ్చటివారు వానికి పెట్టుకొన్న పేరు 'నెలోర్'. నేడును అక్కడి మందలలో ఆ పేరే చెల్లుచున్నది. మన జిల్లా పేరు మోయు పసులు భూగోళమున కావలివైపున కోట్లకొలది మేయుచున్నవని మా వారు చెప్పినపుడు మాకు నవ్వును వచ్చినది, గర్వమును కలిగినది. ఆ పసుల జ్ఞాతులకు సూదులు వేయుచు, ఈతలు చూచుచు, మామగారు ఈ తీరపు పల్లెలన్నియు తిరిగిరి. అప్పుడు చాల పల్లెలకు బస్సు లేదు. ఎడ్లబండి పోవు నిసుక త్రోవలే గతి. అందుచేత వారు 1968లో చెన్నపట్టణము పోయి ఎన్‌ఫీల్డు బుల్లెట్టునొకదానిని కొని, దానిమీదనే యింటికి వచ్చిరట.

ఈ బండి వంశావళిని మేము తరువాత తెలిసికొంటిమి. దీని పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో సరిహద్దుల గస్తీకి తగిన బండి కావలసి మన సైన్యము బుల్లెట్టును ఎంచుకొన్నది. ఆ మీదట 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా అను కంపెనీ యేర్పడి, నగరమున కుత్తరముననున్న తిరువొత్తియూరులో కర్మాగారము పెట్టిరి. మొదట విడిభాగములు ఓడలలో వచ్చుచుండగా ఇచ్చట కూర్చెడివారు. కొన్ని యేండ్లకు అన్నియు ఇచ్చటనే చేయ నేర్చిరి. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని కంపెనీ మూతపడినది. అచ్చట తల్లి గతించినను ఇచ్చటి బిడ్డ బ్రతికినది. మఱియొక విశేషము: తిరువొత్తియూరి ప్రక్కనుండి పోవు బకింగ్‌హాం కాలువయే ఉత్తరముగా సాగి సాగి మా మైపాటి కడకు వచ్చును. ఒక్క నీటిత్రాటికి ఆ కొనను బండి పుట్టినది, ఈ కొనను బ్రతికినది.

2023 డిసెంబరు మొదటివారమున మిచౌంగు తుపాను మా తీరము వెంబడి నడచి బాపట్ల వద్ద నేల కెక్కినది. రెండు దినములు ఒక్కతీరున వాన. మా కొట్టము మీది పెంకులు సగము జాఱిపోయినవి. వాన వెలిసిన మఱునాడు అత్తగారు మాటలాడక గుత్తిలోనుండి ఆ చెవిని విడదీసి మా వారి చేతిలో పెట్టిరి.

తాళము తిరుగలేదు. గొలుసు కోసి తలుపు తెఱచితిమి. గోనెపట్టాలు, వానిపై దుమ్ము, దుమ్ముపై తడి. పట్టాలు లాగగా బండి కనబడినది. రెండు చక్రములును గాలి పోయి రింముల మీద నిలిచి యుండెను. సీటులోని పీచును ఎలుకలు పీకి గూడు కట్టుకొని, తీగలను కొఱికి వేసినవి. పొగగొట్టము చివర కుమ్మరిపురుగు మట్టితో నిల్లు కట్టి, ఆ యిల్లు విడిచిపోయినది. ఉప్పుగాలి చేసిన పనిని చెప్పనక్కఱలేదు. సముద్రమునకు చేరువ కాపురముండు ఇల్లాండ్రు ఇనుపగిన్నె గతి యెట్లగునో యెఱుగుదురు. ఇంత యున్నను, నల్లని తొట్టిమీద చేతితో గీసిన బంగారు వన్నె గీతలు తడిగుడ్డతో తుడువగా మెల్లగా బయటపడినవి.

మాకు చిన్ననాట బడి చదువు లేదు. తండ్రిగారి యొద్ద కూర్చుండి భారత భాగవతములు చదివితిమి. కావున ఆ గోనెపట్టాలు తొలగించు వేళ విరాటపర్వములోని శమీవృక్షము మనసున మెదలినది. పాండవులు ఆయుధములను మూటగట్టి, చూచువారు దరి చేరకుండ శవమువలె కొమ్మకు వ్రేలగట్టిరి గదా. ఆ మూటను వారు ఏడాదికే దింపిరి. ఈ మూట ముప్పదినాలుగేండ్లు వ్రేలాడినది.

ఇంక అసలు చిక్కు మొదలైనది. పెంకులు కప్పించుటకు డబ్బు కావలెను. అమ్మాయిని కాలేజీలో చేర్చు నేడాది. బడిపంతులి జీతములో నీ రెండును ఒక్కమాఱు ఇముడవు. ఇంతలో మాట యెట్లు ప్రాకినదో, చెన్నపట్టణమునుండి పాతబండ్లు కొనువారొకరు వచ్చి, చుట్టు తిరిగి చూచి, ఉన్నది ఉన్నట్లే రూ. 60,000 ఇత్తుమనిరి. దాచనేల, మేము అమ్ముటకే మొగ్గితిమి. ఎవరును ఎక్కని బండి, ఎవరును తెఱవని కొట్టము. ఆ డబ్బుతో ఇంటికప్పు నిలుచును గదా యనుకొంటిమి. మా వారు ఔననలేదు, కాదనలేదు. అత్తగారు విని లోపలికి పోయిరి.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట వారు మమ్ము పిలిచి కూర్చుండబెట్టుకొని చెప్పిన మాటలు ఇవి. 1989లో మామగారు అల్లూరు ప్రాంతమున ఉద్యోగము చేయుచుండిరి. నలుగురు పిల్లలు, మా వారు కడపటివారు, ఐదేండ్ల వయసు. ఆ యేడు నవంబరులో కావలి వద్ద పెనుతుపాను తీరము దాటినది. రాత్రి పైకప్పు రేకులు లేచిపోగా ఆమె పిల్లలను మంచము క్రిందికి త్రోసి, తాను మంచముపై వెల్లకిల పండుకొన్నారట, అది యెగిరిపోకుండ బరువుగా. తెల్లవాఱినది. గాలి తగ్గినది. మామగారు మందులపెట్టె వెనుక కట్టుకొని, సముద్రపు టొడ్డు పల్లెలలో బ్రతికి మిగిలిన పసులను చూతమని బండి యెక్కి పోయిరి.

"మనుషుల్ని ఇడిచిపెట్టి గొడ్లను చూడబోయినాడమ్మాయ్" అనిరి అత్తగారు. "మూడు దినాలు మనిషి లేడు. ఉండాడో పోయినాడో చెప్పేవాడు లేడు."

నాలుగవనాడు బురదలో బండిని త్రోసికొనుచు వచ్చిరట. కాలువ ప్రక్క నీటిలో నడుము వఱకు మునిగి ఇంజనులోనికి ఉప్పునీరు పోయినదట. వారిద్దరును ఆనాడు ఏమి మాటలాడుకొన్నారో అత్తగారు చెప్పలేదు. ఆ తరువాత రెండు మూడు దినములకే కార్తికపూర్ణిమ. ఏటేట ఆ దినమున మామగారు ఆమెను బండి వెనుక కూర్చుండబెట్టుకొని మైపాటికి సముద్రస్నానమునకు తీసికొనిపోవు వాడుక. ఆ యేడు పోలేదు. బండిని లారీమీద ఈ యింటికి చేర్చి కొట్టములో పెట్టిరి. మంచి మేస్త్రిచేత విప్పింపవలెనని యనుకొనుచునే మామగారు మెట్టప్రాంతమునకు బదిలీ యైరి. మూడేండ్లకు గుండెజబ్బుతో పోయిరి.

"అమ్మొద్దబ్బయా" అనిరి కొడుకుతో. "అది నాకు బాకీ ఉండాది."

ఆ మాటతో మా లెక్కలన్నియు తలక్రిందులైనవి. కప్పునకు మా గాజులు రెండు తాకట్టుకు పోయినవి. (మఱల విడిపించితిమి, సోదరీమణులు చింతింపవలదు.)

నెల్లూరి ఆటోనగరులో వృద్ధుడైన సాయబుగారొకరు బుల్లెట్టు బండ్ల మేస్త్రి. డెబ్బదేండ్లు పైబడినవి. పిల్లవానిగా పానాలందించుటతో మొదలుపెట్టి యీ బండ్లతోనే తల నెరసినవారు. ఫిబ్రవరిలో వచ్చి కొట్టములోనే ముక్కాలిపీటపై కూర్చుండి గంటసేపు బండిని తాకక చూచిరి. పిమ్మట కిక్కుమీద కాలుపెట్టి నొక్కిరి. కదలలేదు. "అమ్మా, ఇది చావలా. పట్టేసుండాదంతే" అనిరి.

ఈ బండి యింజనులో సిలిండరు ఒక్కటే. అందు 70 మిల్లీమీటర్ల వెడల్పుగల పిస్టను 90 మిల్లీమీటర్ల మేర పైకి క్రిందికి నడచుచుండవలెను. ఉప్పునీటి త్రుప్పు ఆ రెంటిని కఱచిపట్టినది. సుత్తితో కొట్టినచో విఱుగును. కావున సాయబుగారు ప్లగ్గు విప్పి ఆ రంధ్రమున డీజిలును ఇంజనునూనెను కలిపి పోసి, దినమునకు రెండు చెంచాలు చొప్పున పోయుచుండుడని ఆ పని మాకప్పగించి పోయిరి. ప్రొద్దుట దీపము పెట్టిన పిమ్మట బండికి చమురు పోయుట మా నిత్యకృత్యమైనది. "తులసికోటకు నీళ్లు, బండికి నూనె" అని మా అమ్మాయి పరిహసించెడిది. పండ్రెండవనాడు మా వారు కిక్కు నొక్కగా వ్రేలెడు దిగినది. వ్రేలెడే. అత్తగారు వంటింటి గుమ్మమునుండి చూచి, ఏమియు అనక, ఆ పూట పరమాన్నము వండుమనిరి.

తరువాత బండిని ఆటోనగరునకు చేర్చితిమి. అచ్చట ఇంజను విప్పగా లోపలి నూనె మజ్జిగవలె తెల్లనై పేరుకొని యుండెను. నూనెలో నీరు కలిసినచో అట్లే యగునట. సిలిండరు గోడలలో గుంటలు పడినందున దానిని తొలిపించి, కొంచెము లావైన పిస్టనును వేయవలసివచ్చినది. క్లచ్చి బిళ్లలు ఒకదానికొకటి యప్పడముల కట్టవలె నంటుకొని యుండినవి. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు గడ్డకట్టి లక్కవలె మాఱి, సన్నని రంధ్రములను మూసివేసినది. ఆ రంధ్రములు వెండ్రుక పట్టునంతటివి. సాయబుగారి మనుమడు వానిని సన్నని తీగతో పొడువబోగా తాత వాని చేతిపై కొట్టి, ఊదియు నానబెట్టియు తీయవలెనే గాని పొడిచినచో రంధ్రము పెద్దదై బండి తిండిపోతగునని చెప్పిరి.

పెట్రోలుతొట్టి లోపలి త్రుప్పును వదలించుటలో మాకును కొంత పాత్ర గలదు. చింతపండు పులుసుతో తోముదమా యని మేము సలహా చెప్పితిమి. సాయబుగారు నవ్వి, ఇత్తడికి చింతపండు, ఇనుమునకు అంతకు పదునైనది కావలెననిరి. మొదట గుప్పెడు నట్లను డీజిలుతో తొట్టిలో పోసి, మూత బిగించి, పాతచీరలో చుట్టి, ఊయల యూపినట్లు ఇద్దఱు గంటలకొలది ఊపిరి. గులకరాళ్లతో కుండ కడిగిన చప్పుడు. పిమ్మట త్రుప్పును తిను ద్రావకము పోసి ఒక రాత్రి యుంచిరి. ఆ ద్రావకపు పులుపు చావుటకు చాకలిసోడా నీళ్లు కావలసివచ్చినవి, అది మేమిచ్చితిమి. వంటింటి విద్యకును కర్మాగారపు విద్యకును నడుమ గోడ మనమనుకొన్నంత మందము కాదు.

జులైలో పని ఆగినది. నెల్లూరిలో స్వర్ణాలచెఱువు గట్టున బారాషహీద్ దర్గా కడ రొట్టెలపండుగ. మొహఱ్ఱముతో వచ్చు నీ పండుగకు ఇరుగుపొరుగు రాష్ట్రములనుండియు జనులు వత్తురు. హిందువులును తురకలును చెఱువు నీటిలో నిలిచి రొట్టెలు మార్చుకొందురు. చదువురొట్టె, పెండ్లిరొట్టె, సంతానపు రొట్టె, ఉద్యోగపు రొట్టె యని కోరికకొక పేరు. కోరిక గలవారు రొట్టె పుచ్చుకొందురు. తీఱినవారు మఱు యేడు వచ్చి అటువంటి రొట్టె నిత్తురు. సాయబుగారి యింట బంధువులు నిండిరి. మేమును పోయి చదువురొట్టె నొకటి అమ్మాయి పేర పుచ్చుకొని చెఱువు నీటిలో నిలిచి తింటిమి. సాయబుగారి భార్య మమ్ము చూచి, "మీ బండికి రొట్టె లేదమ్మా, ఆయన చెయ్యే దానికి రొట్టె" అనినది.

దొరకని సామానులకై ఒకమాఱు చెన్నపట్టణము పోయితిమి. పుదుప్పేటలో పాతబండ్ల భాగములు కొండలుగా పోసియుందురు. అందులో కూర్చుండి మా వారు నాలుగు గంటలు వెదకగా ఆ కాలపు గేరుపెట్టె భాగము దొరకినది. సైలెన్సరు పాతది పోలినది దొరకక క్రొత్తదే కొంటిమి. మేము ఆ నాలుగు గంటలును ఊరక నిలువక తిరువొత్తియూరు పోయి త్యాగరాజస్వామిని సేవించితిమి. కర్మాగారమును వీథినుండియే చూచితిమి. బండి పుట్టినిల్లు గదా యని గోడకొక నమస్కారము చేసినచో తప్పా?

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పుదుము, ఇట్టి పనికి పూనుకొను వారికి పనికివచ్చును. ఏబదియేండ్లు దాటిన బండ్లను 'వింటేజి' బండ్లుగా ప్రత్యేకముగా నమోదు చేసికొను నిబంధన 2021లో వచ్చినది. దానికి రుసుము రూ. 20,000. ఐతే అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, పోటీయాత్రలకు, మరమ్మతునకు, నూనెకు దక్క నిత్యము రోడ్డుపై నడుపరాదు. మైపాటికి పోరాని బండి మాకెందుకు? కావున మామూలు బండిగనే నిలుపుకొంటిమి. యజమాని పోయినపుడు వారసుని పేరికి మార్చుటకు 31వ నంబరు ఫారము, గడువు తీఱిన రిజిస్ట్రేషనును మఱల పొడిగించుటకు 25వ నంబరు ఫారము. మరణపత్రము, వారసులందఱి సమ్మతి, ఇంజను మీదను చట్రము మీదను చెక్కిన అంకెలపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది తీసిన ముద్రలు కావలెను. మామగారు 1968నాటి రసీదు మొదలు అన్ని కాగితములను పశువైద్య గ్రంథములలో నడుమ నడుమ పెట్టియుంచిరి. ఇంట పాతకాగితములను చెదలకు వదలకుడని సోదరీమణులకు మా విన్నపము.

అక్టోబరు చివర బండి తిరిగి యింటికి వచ్చినది. ఈ బండిని లేపుట యొక పూజావిధానము. పెట్రోలు కొళాయి విప్పవలెను. తాళము త్రిప్పవలెను. కిక్కును మెల్లగా నొక్కుచు దీపపు గూటిమీది ఆంపియరు మీటరు ముల్లును చూచుచుండవలెను; ముల్లు నడిమికి వచ్చినపుడు ఆగి, చేతిక్రింది చిన్న మీటను పట్టి లోపలి గాలిని విడిచి, పిస్టనును శిఖరము దాటించి, అప్పుడు కాలు పూర్తిగా దింపవలెను. తొందరపడి తన్నినచో కిక్కు తిరిగి కాలిని తన్నును. మా వారికి రెండు దినములు కాలు వాచినది.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి. ఇప్పటి బండ్లకు గేరు ఎడమకాలి క్రిందను, బ్రేకు కుడికాలి క్రిందను ఉండును. ఆ కాలపు బుల్లెట్టుకు అది తలక్రిందులు. బ్రేకు వేయుదమని కుడికాలు నొక్కినచో గేరు మాఱి బండి యింకను ముందుకురుకును. తొలినాడు పల్లెవీథిలో పిల్లలందఱును గుమిగూడిరి. మా వారు బడిలో గంభీరులు. "ఇదెంత పని" యని బయలుదేఱి, ఎదుట కోళ్లమంద రాగా కుడికాలితో నొక్కి, గడ్డివామిలో దూఱిరి. విరాటపర్వమున ఉత్తరకుమారుడును అంతఃపురమున పలికినంత రణమున పలుకలేదు. ఈ మాట మేము వారితో అనలేదు; ఇచ్చట వ్రాసితిమి. కోళ్లకేమియు కాలేదు.

కార్తికపూర్ణిమ 2024లో నవంబరు 15న వచ్చినది. మా వారు సెలవు పెట్టిరి. తెల్లవాఱుజామున అత్తగారు పసుపు రాసుకొని, దోనెలు, ఒత్తులు బుట్టలో సర్దుకొని బయటికి వచ్చిరి. బండి సిద్ధముగా నుండెను. దానిని చూచి, "ఈ వయసులో నన్ను పడేస్తావా అబ్బయా? నేనెక్కను" అని, అమ్మాయిని వెంట పెట్టుకొని ఆటోలో కూర్చుండిరి. డెబ్బదియాఱేండ్ల మనిషిని బలవంతపెట్టుటకు మాకు నోరాడలేదు. మేము మా వారి వెనుక కూర్చుంటిమి.

త్రోవ యెంత చక్కనిది! ఇరువైపుల పెన్నానది కాలువల క్రింది మళ్లు. నెల్లూరు మొలకొలుకుల బియ్యమునకు పేరుపడిన నేల యిది. ఆ రకము ఇప్పుడు తక్కువైనను నేల మాఱలేదు. నారుమళ్లు చిలుకపచ్చ, దున్నిన మళ్లు నల్లన, వానిలో కొంగలు తెల్లన. పదునైదేండ్లుగా ఈ త్రోవ యెఱుగుదుము గాని బస్సు కిటికీలోనుండి వాసన రాదు. బండిమీద తడిమట్టి వాసన, పిడకల పొగ, పిమ్మట గంగపట్నము సమీపింపగా ఉప్పు వాసన, ఒకదాని వెనుక నొకటి ముఖమునకు తగిలినవి. గంగపట్నమున చాముండేశ్వరి గుడి గోపురమునకు చేయెత్తి మ్రొక్కి సాగితిమి.

గంగపట్నము మొదలు నేల వేషము మాఱును. మళ్లకు బదులు రొయ్యల గుంటలు. 1990 ప్రాంతమునుండి ఈ తీరమంతయు ఇవి పఱచుకొన్నవి. నీటిని చిలుకు చక్రములు నురుగులు గ్రక్కుచు తిరుగుచుండును. వానివలన సంపన్నులైన వారును కలరు, తెగులు వచ్చి ఒక్క రాత్రిలో కూలినవారును కలరు. త్రాగునీరు ఉప్పనైనదని గ్రామస్థులు మొఱపెట్టుదురు. మామగారి పసులు మేసిన బీళ్లు అవియేనని మా వారు చేయి చూపిరి.

ఆ మీదట బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు కడ చిన్న కాలువగా మొదలై, ముక్కలు ముక్కలుగా పెరిగి, 1877-78లో కఱవు పనిగా వేలకొలది బీదలచేత త్రవ్వింపబడి, ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దాల్చినది. ఆకలిగొన్నవారి చేతుల పని, ప్రభువు పేరు. ఈ నీటిమీద తెరచాపలెత్తియు, గట్టునుండి త్రాళ్లతో లాగియు, ఉప్పు, ధాన్యము, సరుగుడు కట్టెలు పడవలలో మద్రాసునకు పోయెడివి. రైలు, లారీ వచ్చి పడవను వెనుకకు నెట్టినవి. తుపానులు గట్లను కొట్టినవి. 2004 డిసెంబరు 26నాటి సునామీలో సముద్రపు టురవడిని చాలచోట్ల నీ కాలువయే మ్రింగినది. 2008లో దీనిని 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి. మేము చూచినపుడు గుఱ్ఱపుడెక్కయు, ఒక చిన్న వలపడవయు తప్ప దానిమీద నేమియు లేవు.

వంతెన మీదికి రాగానే బండి దగ్గి నిలిచినది. ఆటో ముందుకు పోయి, చూచుకొని, తిరిగి వచ్చినది. మా వారు ప్లగ్గు విప్పి, మసి తుడిచి, ఊది బిగించుచుండగా అత్తగారు ఆటోలోనుండి దిగి వచ్చి ప్రక్కన నిలుచుండిరి. "ఆయన కూడా ఈడే ఆపేవాడు" అనిరి. "దీనికి నీళ్లను చూస్తే బెదురు."

మైపాటి యొడ్డున ఆనాడు తిరునాళ్ల జనము. సరుగుడు తోపుల వెనుక సూర్యబింబము అప్పుడే పైకి వచ్చినది. పడవలు ఒడ్డున లాగి యుండినవి. పట్టపువారి ఆడంగులు ఆ పండుగ పూటను చేపలు బుట్టల కెత్తుచుండిరి. వేలకొలది స్త్రీలు ఇసుకలో చిన్న గుంటలు చేసి దీపములు పెట్టుచుండిరి. గాలికి నిలిచినది నిలువగా, ఆఱినది మఱల వెలిగించుచుండిరి. అత్తగారు మా చేయి పట్టుకొని మూడు మునుకలు వేసిరి. మూడవది లేచిన తరువాత నాలుగవది యొకటి వేసిరి. అది యే లెక్కలోనిదో మేమడుగలేదు.

తిరుగు ప్రయాణమునకు ఆటోవాడు కనబడలేదు. టిఫినుకు పోయి యుండును. అత్తగారు కొంతసేపు నిలిచి, బండి దగ్గఱకు పోయి, మా తలనున్న హెల్మెట్టు నిమ్మనిరి. ఆమె కొప్పునకు అది పట్టదు. కొప్పు విప్పి, తడివెండ్రుకలు జడగా వేసి, మీద హెల్మెట్టు పెట్టి త్రాడు బిగించితిమి. అమ్మాయి నవ్వాపుకొనలేకపోయినది. ఆమె మాత్రము నిన్ననే దిగినట్లు పాదము మోపవలసిన చోట మోపి, ఎడమచేత కొడుకు భుజము పట్టి, ప్రక్కవాటుగా ఎక్కి కూర్చుండిరి.

కాలువ వంతెన దాటువఱకే యని యెక్కినవారు గంగపట్నము వఱకు దిగలేదు. మేమును అమ్మాయియు ఆటోలో వెనుక వచ్చితిమి. గుడి ముందఱ బండి యాపి దిగి, హెల్మెట్టు మా చేతికిచ్చి, అత్తగారు కొడుకువంక తిరిగి, "దీని చప్పుడు ఇది కాదే" అనిరి. "ఏదో మార్చినారు."

మార్చితిమి. సైలెన్సరు. మేమెవ్వరమును ఆమెతో చెప్పియుండలేదు.

పాతది త్రుప్పుపట్టి అడుగున చిల్లులు పడి ఆటోనగరులో నొక మూల పడియున్నది. మఱుసటి ఆదివారము మా వారు పోయి చెప్పగా సాయబుగారు దానిని వెదకి తీసి, వెలుగుకెత్తి చిల్లులు లెక్కించి, అతుకు వేయుటకు వారము గడువడిగిరి.